హేలో మొదటి భాగం: కన్సోల్‌లో ఆడాలా, పీసీలో ఆడాలా?

ప్రశ్న: చదువుకునే రోజుల్లో అన్నయ్య, నేను, చెల్లెలు కలిసి పాత ఎక్స్‌బాక్స్ మీద హేలో మొదటి భాగం, అంటే హేలో: కంబాట్ ఇవాల్వ్‌డ్ అనే తుపాకుల వీడియో గేమ్, విపరీతంగా ఆడేవాళ్లం. ఒకే టీవీ తెరను పంచుకుని ఆడిన ఆ ఆటలే నాకు ఎక్కువ గుర్తు. ఇప్పుడు అన్నయ్య దూరంగా ఉంటున్నాడు. ఆయన దగ్గర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది. కాలేజీ స్నేహితులు ఇద్దరు పీసీలోనే ఆడతారు. చెల్లెలు నాతోనే ఉంటుంది, సెలవు రోజుల్లో మళ్లీ పక్కపక్కన కూర్చుని ఆడదామని అడుగుతోంది. నా దగ్గర పని కోసం కొన్న పీసీ ఉంది, అందులో మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఆ పీసీలోనే ఆట కొనుక్కోవాలా, కన్సోల్ కొనాలా, లేక పాత ఎక్స్‌బాక్సునే వెతికి పట్టుకోవాలా? మౌస్‌తో ఆడితే అది హేలోయే కాదని అన్నయ్య అంటాడు. కంట్రోలర్‌తో గురి ఎలా కుదురుతుందని స్నేహితులు అంటారు. ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతున్నాను.

సమాధానం: మీరు కన్సోల్ కొనుక్కోండి. మీ అన్నయ్యగారి దగ్గరున్న సిరీస్ ఎస్ లాంటిదే సరిపోతుంది. అందులో హేలో ఆటల సంకలనమైన హేలో: ది మాస్టర్ చీఫ్ కలెక్షన్ వేసుకోండి, మొదటి భాగం దానిలోనే ఉంటుంది. ఇంట్లో పనికొచ్చే పీసీ ఉండగా మరో యంత్రం కొనమని సాధారణంగా ఎవరికీ చెప్పను. కానీ మీరు ఆడాలనుకుంటున్న మనుషుల్లో ఒకరు మీ పక్కనే కూర్చుంటారు, మిగతావారు దూరంగా ఉన్నారు. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చేది ఈరోజు కన్సోల్ వెర్షన్ ఒక్కటే. పీసీ వెర్షన్‌లో మీ అన్నయ్యగారితోనూ స్నేహితులతోనూ ఆడవచ్చు గానీ, మీ చెల్లెలితో ఒకే తెర మీద ఆడలేరు. మాస్టర్ చీఫ్ కలెక్షన్ పీసీకి వచ్చినప్పటి నుంచి ఎందరో అడుగుతున్నా, స్ప్లిట్ స్క్రీన్‌ను, అంటే ఒకే తెరను భాగాలుగా పంచుకుని ఆడే వీలును, అందులో అధికారికంగా ఇవ్వలేదు.

ఈ ఒక్క కారణం చాలదా అంటే మీ విషయంలో చాలు. అయినా కొనేముందు ఈ వెర్షన్ల మధ్య తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, అన్నయ్యగారి మాటలోనూ స్నేహితుల మాటలోనూ ఎంత నిజముందో మీరే తూచుకోగలరు.

హేలో మొదట కంప్యూటర్ల కోసం తలపెట్టిన ఆట. 1999 జూలైలో మ్యాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. 2000లో మైక్రోసాఫ్ట్, ఆట తయారు చేస్తున్న బంజీ సంస్థను కొనేసింది. దాంతో ఆట దారి మళ్లి, 2001 నవంబరు 15న మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటే విడుదలైంది. ఈ మలుపు తర్వాత ఆట స్వరూపమంతా కంట్రోలర్‌కు తగ్గట్టు కుదిరింది. చేతిలో రెండు ఆయుధాలకు మించి ఉండవు కాబట్టి ఆయుధం మార్చుకోవడానికి ఒక బటన్ చాలు. గ్రెనేడ్ విసరడానికీ, తుపాకీ మడమతో కొట్టడానికీ చేతిలోని ఆయుధాన్ని పక్కన పెట్టనక్కరలేదు, వాటికి వేరే బటన్లు ఉన్నాయి. గెంతు నెమ్మదిగా తేలుతూ సాగుతుంది, నడక వేగం కూడా ఆనాటి పీసీ షూటర్ల కంటే బాగా తక్కువ. ఇవన్నీ రెండు బొటనవేళ్లతో ఆడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే.

అయితే ఆ మొదటి వెర్షన్‌లో ఇంటర్నెట్ ఆట లేనే లేదు. ఎక్స్‌బాక్స్ లైవ్ సేవ 2002 నవంబరులో గానీ మొదలు కాలేదు, మొదలయ్యాక కూడా ఈ ఆటకు ఆ సౌకర్యం చేర్చలేదు. ఒక టీవీ మీద నలుగురు, లేదా నాలుగు కన్సోళ్లను సిస్టమ్ లింక్‌తో, అంటే నెట్‌వర్క్ తీగలతో, కలిపి పదహారు మంది వరకు ఆడగలిగేవారు. అందుకే ఈ ఆట పేరు చెబితే మీ తరానికి ఒకే గదిలో కిక్కిరిసి కూర్చున్న జనమే గుర్తొస్తారు. ఆన్‌లైన్ ఆట అధికారికంగా 2003 సెప్టెంబరు చివర్లో గేర్‌బాక్స్ సంస్థ తయారు చేసిన పీసీ వెర్షన్‌తో వచ్చింది. అదే సమయంలో ఆ పీసీ వెర్షన్ నుంచి స్ప్లిట్ స్క్రీన్‌ను తీసేశారు, ఇద్దరు కలిసి కథ ఆడే కో-ఆప్ కూడా తీసేశారు. అంటే కన్సోల్‌లో లేనిది పీసీకి ఇచ్చారు, పీసీకి ఇవ్వనిది కన్సోల్‌లోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ విభజన చాయలు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు, మీ ప్రశ్న పుట్టింది కూడా అక్కడే.

పీసీ వెర్షన్‌ను కేవలం నకలు అనుకోకండి. ఎక్స్‌బాక్స్‌లో మల్టీప్లేయర్ మ్యాపులు, అంటే ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే రంగస్థలాలు, 13 ఉంటే గేర్‌బాక్స్ మరో 6 చేర్చింది. డెత్ ఐలాండ్, టింబర్‌ల్యాండ్, ఐస్ ఫీల్డ్స్, డేంజర్ కాన్యన్, ఇన్ఫినిటీ, జెఫిరోఫోబియా అన్న ఈ ఆరూ విశాలమైన మ్యాపులు, వాహనాలతో పదహారు మంది తలపడటానికి తగినవి. మల్టీప్లేయర్‌లో బాన్షీ ఎక్కి ఎగరడం, ఫ్లేమ్‌త్రోవర్, ఫ్యూయల్ రాడ్ గన్, రాకెట్లు అమర్చిన వార్ట్‌హాగ్ జీపు కూడా ఈ వెర్షన్‌తోనే వచ్చాయి. మీ స్నేహితులు చెప్పే హేలో బహుశా ఇదే. మీ అన్నయ్యగారు చెప్పేది మరొకటి. చిల్ అవుట్ లాంటి ఇరుకు మ్యాపులో నలుగురు, టీవీ తెర మీద ఒకరి భాగంలోకి ఒకరు తొంగి చూస్తూ, ఎవరు ఏ మూలన నక్కారో పసిగడుతూ ఆడిన ఆట. రెండూ హేలోనే, కానీ ఆడే తీరు ఒకటి కాదు. మాస్టర్ చీఫ్ కలెక్షన్‌లో ఈ 19 మ్యాపులూ ఉన్నాయి కాబట్టి ఎవరి ఆట వారికి దొరుకుతుంది.

ఇక మౌస్, కంట్రోలర్ వాదానికి వద్దాం. దీని గురించి అందరూ గట్టిగా మాట్లాడతారు, కానీ ఆట లోపల ఏం జరుగుతుందో చెప్పేవారు తక్కువ. బ్లడ్ గల్చ్ మ్యాపులో మీ స్థావరం పైకప్పు మీద నిలబడి, లోయ మధ్య నుంచి అడ్డంగా పరుగెత్తుతున్న ప్రత్యర్థి మీద పిస్టల్ గురి పెట్టారనుకోండి. ఈ పిస్టల్ ఆటంతటిలోకీ ప్రాణం లాంటిది. రెండింతలు దగ్గరగా చూపే జూమ్ ఉంది, మ్యాగజైన్‌లో 12 తూటాలు ఉంటాయి. ఒంటిని కాపాడే షీల్డు నిండుగా ఉన్న ప్రత్యర్థినైనా, చివరిది తలకు తగిలితే, మూడే తూటాలు పడగొడతాయి. కంట్రోలర్‌తో గురిని కదుపుతుంటే తెర మధ్యనున్న గురి గుర్తు ప్రత్యర్థి ఒంటి మీదికి రాగానే ఎర్రబడుతుంది, అదే క్షణంలో దాని కదలిక కాస్త మందగిస్తుంది. అతను పక్కకు జరిగితే గురి కూడా కొద్దిగా అతని వెంట జరుగుతుంది. మీరు వెంట్రుకవాసి పక్కగా పేల్చినా తూటా కొంత వంగి అతనికే తగులుతుంది. బొటనవేలికి ఉన్న పరిమితిని ఆట ఇలా పూడ్చుతుంది. ఇది మోసం కాదు, ఆటను అలాగే కట్టారు. ఈ సాయంతో ఆడేవారి నైపుణ్యమంతా నిలబడే చోటును ఎంచుకోవడంలోనూ, పక్కకు జరుగుతూనే గురి చెదరకుండా చూసుకోవడంలోనూ, ఓవర్‌షీల్డ్ (అదనపు షీల్డు), కామో (కాసేపు కనబడకుండా చేసేది) మళ్లీ ఎప్పుడు పుడతాయో గడియారం చూసి అక్కడికి ముందే చేరుకోవడంలోనూ కనబడుతుంది.

మౌస్‌తో ఆడేటప్పుడు గురి ఇలా మందగించదు, ప్రత్యర్థి వెంట జరగదు. గురిని నిలపాల్సింది మీ చేయే. బదులుగా, వెనక నుంచి ఎవరైనా కొడితే కంట్రోలర్‌తో తిరగడానికి పట్టే సమయంలో చిన్న వంతులోనే మౌస్‌తో గిర్రున తిరిగిపోవచ్చు. దూరాన ఉన్న తలను గుర్తించి చటుక్కున గురి అక్కడికి చేర్చవచ్చు. చేయి తిరిగిన మౌస్ ఆటగాడికి దూరపు పోరులో కొంత మొగ్గు ఉంటుంది. దగ్గర్లో, పిడిగుద్దుల దూరంలో, గురికి అంటుకుపోయే ఆ సాయం వల్ల కంట్రోలర్ పట్టినవారు ఏమాత్రం తీసిపోరు, చాలాసార్లు పైచేయి సాధిస్తారు కూడా. కాబట్టి అన్నయ్యగారు చెప్పినట్టు మౌస్‌తో ఆడితే హేలో కాకుండా పోదు, స్నేహితులు భయపెట్టినట్టు కంట్రోలర్‌తో గురి కుదరకపోదు. మీ వేళ్లకు చిన్ననాటి నుంచి కంట్రోలరే అలవాటు కాబట్టి దానితోనే ఆడండి. మీ స్నేహితులు మౌస్‌తో ఆడుతున్నారని మీరు మౌస్ పట్టుకోవలసిన పని లేదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, ఎప్పుడైనా పీసీలో ఈ కలెక్షన్ ఆడినా, కంట్రోలర్ తగిలించుకుంటే గురి సాయం అక్కడ కూడా దొరుకుతుంది. అంటే కంట్రోలర్ కావాలి కాబట్టి కన్సోల్ కొనాలన్న వాదానికి బలం లేదు. మిమ్మల్ని కన్సోల్ వైపు నడపాల్సింది మీ చెల్లెలి పక్క సీటే.

మాస్టర్ చీఫ్ కలెక్షన్ చరిత్ర కూడా కొంత తెలుసుకోండి, ఎందుకంటే పాత సమీక్షలు చదివి మీరు భయపడే అవకాశం ఉంది. 2014 నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్‌కు ఇది వచ్చినప్పుడు ఆన్‌లైన్ మ్యాచ్ దొరకడమే గగనమైంది, దొరికినా మధ్యలో తెగిపోయేది. ఆ చెడ్డపేరు న్యాయమైనదే. 2018 ఆగస్టులో వచ్చిన పెద్ద అప్‌డేట్ ఆ వ్యవస్థను చాలావరకు దారిలో పెట్టింది. 2019 డిసెంబరు నుంచి ఒక్కో భాగంగా పీసీకి రావడం మొదలైంది, మొదటి భాగం 2020 మార్చిలో వచ్చింది. అదే ఏడాది నవంబరులో సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ కన్సోళ్లకు మెరుగులు దిద్ది, సెకనుకు 120 ఫ్రేముల వరకు ఆడే వీలు కల్పించారు. అప్పుడే పీసీ, ఎక్స్‌బాక్స్ ఆటగాళ్లు ఒకే మ్యాచ్‌లో కలిసేలా క్రాస్‌ప్లే కూడా వచ్చింది. మీ పీసీ స్నేహితులతో మీరు కన్సోల్ నుంచి ఆడగలగడానికి కారణం ఇదే. అయితే క్రాస్‌ప్లేను తెచ్చినప్పుడు మల్టీప్లేయర్‌కు, అలలుగా వచ్చే శత్రువులను కలిసి ఎదుర్కొనే ఫైర్‌ఫైట్‌కు మాత్రమే ఇచ్చారు, కథ ఆడే క్యాంపెయిన్‌ను అందులో చేర్చలేదు. ఇది మీ అన్నయ్యగారి విషయంలో కన్సోల్‌కు మరో మొగ్గు. ఆయనా మీరూ ఇద్దరూ ఎక్స్‌బాక్స్ మీద ఉంటే, ఎప్పుడైనా పోటీ వద్దనుకున్న రోజున క్యాంపెయిన్‌ను కూడా ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకోవచ్చు.

పాత గ్రాఫిక్సు గురించి రెండు మాటలు. గేర్‌బాక్స్ పీసీ వెర్షన్‌లో కొన్ని వెలుగు నీడలు, ఉపరితలాల మెరుపులు మూల ఎక్స్‌బాక్స్ వెర్షన్‌లో ఉన్నట్టు రాలేదు. తర్వాత మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన రీమాస్టర్లను ఆ పీసీ కోడు మీదే కట్టడం వల్ల ఆ లోపాలు వాటిలోకీ పాకాయి. కలెక్షన్‌కు తర్వాత వచ్చిన అప్‌డేట్లలో వీటిని చాలావరకు సరిదిద్దారు, కాబట్టి ఈ కారణంగా పాత కన్సోల్ వెతకవలసిన అగత్యం ఇప్పుడు లేదు.

పాత ఎక్స్‌బాక్సు కొనడం మీద మీకు మనసు పోయిందని ఉత్తరంలోని ఆ చివరి ప్రత్యామ్నాయం చూస్తేనే తెలుస్తోంది. ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. ఆ యంత్రం మీద ఆట సెకనుకు 30 ఫ్రేములతోనే నడుస్తుంది, నలుగురు కలిసి ఆడుతూ నాలుగు పేలుళ్లు ఒకేసారి జరిగితే ఇంకా తడబడుతుంది; అయినా ఆ బరువైన కంట్రోలర్ చేతిలో పడగానే వేళ్లు తమంతట తాము బటన్లు వెతుక్కునే అనుభూతి మరే వెర్షన్‌లోనూ అచ్చం అలాగే దొరకదు. కానీ ఆ యంత్రాలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు పైబడ్డాయి. చివరి తరం బోర్డులను మినహాయిస్తే, మిగతా చాలా వాటిలో గడియారం నడపడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ ఒకటి కాలం గడిచేకొద్దీ కారి, చుట్టుపక్కల మదర్‌బోర్డు దారులను తినేస్తుంది. డిస్కు డ్రైవులో ట్రేను కదిపే రబ్బరు బెల్టు సాగిపోయి తలుపు తెరుచుకోదు. కొనేటప్పుడు మూత తీసి చూపించమని అడగండి. ఆ కెపాసిటర్ను తీసేశారా లేదా అన్నది కంటితోనే తెలుస్తుంది. అమ్మేవారు మూత తీయడానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి. మరో చిక్కు టీవీది. ఆ కన్సోల్ పాత అనలాగ్ కేబుళ్లతో చిత్రాన్ని పంపుతుంది, దాన్ని నేటి టీవీ తన తెరకు తగ్గట్టు సాగదీసేటప్పుడు కొంత ఆలస్యం చేరుతుంది. బటన్ నొక్కినదానికీ తెర మీద తూటా కనబడినదానికీ మధ్య ఆ కొద్దిపాటి ఎడం వస్తే, మీరు అంత ఇష్టపడిన పిస్టలే మొద్దుబారినట్టు అనిపిస్తుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీ దొరికితే ఈ బాధ ఉండదు. ఇంత శ్రమకు ఓపిక ఉండి, చేసే ఆట అంతా గది లోపలే అనుకుంటే, పాత ఎక్స్‌బాక్స్ ఇప్పటికీ గొప్ప వస్తువే. మీ అన్నయ్యగారితో మాత్రం దాని మీద సవ్యంగా ఆడలేరు. సిస్టమ్ లింక్‌ను ఇంటర్నెట్ మీదుగా నడిపే ఎక్స్‌లింక్ కై లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, అవతల కూడా పాత కన్సోల్ ఉండాలి. పైగా ఒకే ఇంటి తీగల కోసం రాసిన ఆ కోడు దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని తట్టుకోలేదు.

కొనేటప్పుడు పొరపడటానికి వీలున్న వాటిని కూడా చెప్పాలి. హేలో పాత డిస్కు ఎక్స్‌బాక్స్ వన్‌లో గానీ సిరీస్ కన్సోళ్లలో గానీ నడవదు. ఎక్స్‌బాక్స్ 360 కోసం 2011లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్ పెట్టె మీద ఇదే ఆట పేరు ఉంటుంది, క్యాంపెయిన్ కూడా ఇదే, కానీ దాని మల్టీప్లేయర్ హేలో: రీచ్ అనే తర్వాతి ఆట ఆధారంగా చేసినది, మీరు వెతుకుతున్న పిస్టల్, ఆ గెంతు అందులో అచ్చం అలాగే ఉండవు. 2025 అక్టోబరులో ప్రకటించిన కొత్త రీమేక్, హేలో: క్యాంపెయిన్ ఇవాల్వ్‌డ్, పూర్తిగా క్యాంపెయిన్ కోసమే. ఒకరితో ఒకరు తలపడే మల్టీప్లేయర్ అందులో లేదు. సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టే చోటే లేదు కాబట్టి కలెక్షన్ డిస్కు ఎక్కడైనా తక్కువకు కనబడినా కొనకండి, డిజిటల్ కాపీయే తీసుకోవాలి. డిస్కులు కూడా వాడాలనుకుంటే డిస్కు డ్రైవు ఉన్న సిరీస్ ఎక్స్ చూసుకోండి.

కన్సోల్‌కు ఉన్న లోటు కూడా దాచకుండా చెప్పాలి. ఎక్స్‌బాక్స్‌లో ఇలాంటి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో ఆడాలంటే గేమ్ పాస్ చందా కట్టాలి. పీసీలో స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడి ద్వారా కొంటే ఆన్‌లైన్ ఆటకు చందా ఏదీ లేదు. ఇంట్లో ఒకే తెర మీద ఆడటానికి మాత్రం కన్సోల్‌లోనూ చందా అక్కర్లేదు. కాబట్టి నా సలహా ఏమిటంటే, చందాను ఒకేసారి ఏడాదికి కట్టేయకండి. అన్నయ్యగారూ స్నేహితులూ నిజంగా ఎంత తరచుగా తీరిక చేసుకుంటారో మొదటి నెలలో తేలిపోతుంది. ఉత్సాహం మొదట్లో అందరికీ ఉంటుంది, ఎవరి పనులు వారివి కాబట్టి తర్వాత నిలిచేవారు కొందరే. నెలలో ఒకటి రెండు రాత్రులకు మించి ఆన్‌లైన్ ఆట సాగకపోతే, చందా అవసరమైన నెలకే తీసుకుని తక్కిన కాలమంతా చెల్లెలితో ఆడుకోండి.

రెండో లోటు మోడ్‌లు, అంటే ఆటగాళ్లు తామే తయారు చేసి ఆటకు చేర్చుకునే మార్పులు. పీసీ ఆటగాళ్లు ఈ ఆటను ఇన్నేళ్లు బతికించిన తీరు ముచ్చటైనది. 2004లో వచ్చిన హేలో కస్టమ్ ఎడిషన్‌తో పాటు మ్యాపులు తయారు చేసే పనిముట్లను కూడా విడుదల చేయడంతో, ఔత్సాహికులు లెక్కకు మిక్కిలిగా మ్యాపులు కట్టారు. 2014లో గేమ్‌స్పై సేవ మూతపడి పాత పీసీ వెర్షన్‌కు సర్వర్ల జాబితా చూపేవారే లేకుండా పోయే పరిస్థితి వచ్చినప్పుడు, చివరి ప్యాచ్ ఒకటి తెచ్చి దాన్ని నిలబెట్టారు. వ్యాపారపరంగా ఎవరికీ పైసా రాని పని అది. అయితే ఆ పాత వెర్షన్ ఇప్పుడు ఏ డిజిటల్ అంగడిలోనూ అమ్మకానికి లేదు, పాత డిస్కు, దాని కీ ఉన్నవారే దాన్ని సక్రమంగా వాడుకోగలరు. దాని నెట్‌వర్క్ తీరు కూడా వేరు. పింగ్, అంటే సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం, ఎంత ఎక్కువైతే పరుగెత్తే ప్రత్యర్థికి అంత ముందుగా గురిపెట్టాలి, మనిషి మీద పేలిస్తే తగలదు. ఏళ్ల తరబడి ఆడినవారికి అది వేళ్లలో ఇంకిపోయిన విద్య, కొత్తగా వచ్చేవారికి తలనొప్పి. మీ స్నేహితులు ఈ పాత సర్వర్లలోనే ఆడుతున్నారేమో ముందే అడిగి తెలుసుకోండి. ఇది చాలా ముఖ్యం. వాళ్లు ఆడేది మాస్టర్ చీఫ్ కలెక్షన్ కాకుండా 2003 నాటి వెర్షన్ అయితే, క్రాస్‌ప్లే వారిని చేరదు. అప్పుడు వాళ్లు కలెక్షన్‌కు రావాలి, లేదా మీరు పీసీలో పాత వెర్షన్ పెట్టుకోవాలి. స్టీమ్‌లో కలెక్షన్ మొత్తం అక్కర్లేకుండా మొదటి భాగాన్ని మాత్రమే విడిగా కొనుక్కునే వీలుంది కాబట్టి, వాళ్లను రప్పించడమే తేలిక.

పీసీలో మోడ్‌ల సాయంతో స్ప్లిట్ స్క్రీన్ తెప్పించుకున్నవారు ఉన్నారని మీకు ఎవరైనా చెబుతారు. అది నిజమే. కానీ మోడ్‌లు వాడాలంటే ఆటను యాంటీ చీట్ (మోసాన్ని పట్టే రక్షణ) లేకుండా తెరవాలి, అలా తెరిచినప్పుడు ఆన్‌లైన్‌లో ప్రత్యర్థులను వెతికిపెట్టే మామూలు మ్యాచ్‌మేకింగ్ పనిచేయదు, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ ఏర్పాటు చెడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. సెలవు రోజున చెల్లెలు కంట్రోలర్ పట్టుకుని ఎదురుచూస్తుంటే మీరు ఫోల్డర్లు సరిచేస్తూ కూర్చోవడం ఎవరికీ బాగుండదు. యంత్రాలతో కుస్తీ పట్టడమే మీకు సరదా అయితే తప్ప ఆ దారి పట్టవద్దు.

మీ చెల్లెలికి ఇప్పుడు ఈ ఆట మీద పెద్ద ఆసక్తి లేదనీ, ఒకటి రెండుసార్లు ఆడి వదిలేస్తుందనీ మీకు లోలోపల అనిపిస్తే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు కన్సోల్ వద్దు. ఉన్న పీసీలోనే మొదటి భాగాన్ని కొని, ఒక కంట్రోలర్ తగిలించుకుని ఆడండి. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు, ఇది పాత ఆట కాబట్టి చక్కగా నడుస్తుంది. అన్నయ్యగారితో మల్టీప్లేయర్ క్రాస్‌ప్లే ద్వారా దొరుకుతుంది. అందుకే, కొనేముందు ఆమెను సూటిగా అడగండి. ఆమె అడిగింది ఈ ఆటనా, లేక మీతో కాసేపు గడపడమా అన్నది ఆమెకే తెలుసు. రెండోదైతే ఇద్దరూ కలిసి ఆడుకోవడానికి ఇంకా చాలా ఆటలున్నాయి.

కన్సోల్ వచ్చాక మొదటి రోజే చేసుకోవలసిన కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, అది లేకుండా ఆడితే గురి ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. కలెక్షన్‌లో ఆరు ఆటలు ఉన్నాయి, అన్నీ డౌన్‌లోడ్ చేస్తే నిల్వ చాలా తింటుంది కాబట్టి మొదటి భాగాన్నే ముందు ఎంచుకుని దింపుకోండి. సెట్టింగుల్లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద కనబడే వెడల్పు) కొంచెం పెంచుకుంటే పక్కల నుంచి వచ్చేవారు ముందే కనబడతారు. స్నేహితులు స్టీమ్‌లో ఆడినా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి, కాబట్టి వాళ్ల గేమర్‌ట్యాగులు (ఆటలో వాడే పేర్లు) అడిగి మీ జాబితాలో చేర్చుకోండి. మ్యాచ్ వెతికేటప్పుడు ఒక్క ఆట, ఒక్క పోటీ రకం మాత్రమే టిక్ పెడితే చాలాసేపు వేచి ఉండాల్సి రావచ్చు, మీకు అభ్యంతరం లేని ఇతర పోటీ రకాలను కూడా కలపండి. మీ అన్నయ్యగారు ఎంత దూరంలో ఉన్నారో మీరు రాయలేదు. వేరే ఖండంలో ఉంటే మీ ఇద్దరికీ నడుమ ఉన్న సర్వర్ ప్రాంతాన్ని ఎంచుకోవడం మేలు. అప్పుడు ఆలస్యాన్ని ఇద్దరూ సమంగా పంచుకుంటారు.

చెల్లెలితో ఇద్దరే ఆడేటప్పుడు బ్లడ్ గల్చ్, సైడ్‌వైండర్ లాంటి పెద్ద మ్యాపుల జోలికి మొదట పోకండి. ఇద్దరు ఒకరినొకరు వెతుక్కోవడంతోనే సమయం గడిచిపోతుంది. ప్రిజనర్, విజార్డ్, చిల్ అవుట్‌లలో మొదలుపెట్టండి. ఆమె చాలాకాలానికి ఆడుతోంది కాబట్టి, ఓవర్‌షీల్డ్ ఎక్కడ పుడుతుందో ముందే చూపించి, మొదటి కొన్ని ఆటల్లో దాన్ని ఆమెకే వదిలేయండి. రెండో కంట్రోలర్ విడిగా కొనాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు; కన్సోల్‌తో పాటు పెట్టెలో ఒక్కటే వస్తుంది.